జాఫ్రా చెట్టుకు రుజువు

తిరుత్తణి

చి. జ్యోతికకు తణికాచలం మామ ఆశీస్సులు. నాకు కంటి ఆపరేషనైంది. నేను చెబుతుంటే మీ అత్త రాస్తోంది. దొడ్లో మన జాఫ్రా చెట్టు కొట్టేసి కారు షెడ్డు వేస్తానంటున్నాడు నా కొడుకు దినకర్. రాయల కాలంలో విజయనగరం నుంచి మన పెద్దలు గింజలు మూటగట్టుకొచ్చినార్రా అంటే, "రుజువు యాడుంది నాయనా?" అన్నాడు. కాలేజీలో చెట్ల పాఠాలు చెప్పేదానివి, ఒక కాగితం రాసి పంపు.

మామ

తా.క. మన రవ్వ కేసరికి రంగు ఆ గింజలదే. గొడ్డలికి సాన పట్టించినాడు. త్వరగా. – చెంగమ్మ అత్త


తిరువళ్లూరు

మామకు నమస్కారాలు. ఆ చెట్టు పుట్టిల్లు దక్షిణ అమెరికా అడవులు. అక్కడివాళ్లు ఆ రంగు ఒంటికి పూసుకునేవాళ్లు. మన దేశానికి ఓడల్లో వచ్చింది. పెద్దల మూట కథ కుదరదు మామా.

మీ జ్యోతిక

తా.క. ఇది దినకర్ బావ చెవిన పడనివ్వకండి.


తిరుత్తణి

జ్యోతికా, మీ అత్త గట్టిగా చదివింది, వాడు విన్నాడు. "ఫారిన్ చెట్టు, వీసా అయిపోయింది" అని ఒకటే నవ్వు. మన పెద్దలు ఒంటికి రంగు పూసుకుని అమెరికాలో తిరిగినారా? వంశాన్నే మార్చేసినావే!

మామ

తా.క. ఫారిన్ రంగని మీ మామ కేసరి మానేసినారు. మూడోనాడు దొంగగా తిన్నారు. అద్దం కనబడదు కదా, మూతి తుడుచుకోలేదు.


తిరువళ్లూరు

మామా, నేనన్నది చెట్టును, మన వంశాన్ని కాదు. అసలు వింత వినండి. దానికి మూలమైన అడవి చెట్టులో రంగు బహు తక్కువట! బాగా ఎర్రటి కాయ ఏరి, ఆ గింజే నాటి, తరతరాలుగా మనుషులే రంగు పెంచారు. మరి మన చెట్టుకు అంత ఎరుపెక్కడిది? మన ఇంట్లో ఏరిందెవరు? తెలుసుకోకపోతే నాకు నిద్ర పట్టదు. చెబితే కాగితం రాస్తాను.

జ్యోతిక

తా.క. గొడ్డలి ఎక్కడుంది?


తిరుత్తణి

జ్యోతికా, ఇంకెవరు? మా తాత సుదర్శనమే! చెట్టు కింద ఆయన పేరు రాతిమీద చెక్కిస్తా.

మామ

తా.క. ఇక్కడి నుంచి మామకు వినిపించలేదు. తాత చెట్టు తుపానుకు పడిపోయి ఇరవై ఏళ్లు. అప్పుడు మీ మామకు పట్టాభిరామ్ ఊళ్లో ఉద్యోగం, ఆదివారమే ఇల్లు. చెట్టును ఆయన చూసేది కేసరిలోనే. ఆరంబాక్కంలో మా పుట్టింటి గింజలు తెచ్చి నాటినా. పాలిపోయిన కాయలు పారేసి, ఎర్రకాయ గింజే మళ్లీ నాటినా. ఇప్పుడున్నది మూడోది. నిన్న దినకర్‌కు చెప్పినా. "నువ్వామ్మా?" అన్నాడు. షెడ్డు వాకిట్లోకి పోయింది. గొడ్డలితో టెంకాయలు కొడుతున్నాం.

రాతిమీద తాత పేరే ఉండనీ. నీ కాగితంలో మాత్రం నా పేరు రాయి తల్లీ. నాలుగోది పెరుగు డబ్బాలో మొలిచింది, వచ్చి తీసుకుపో.