కింది గది గొట్టం మూయవద్దని మనవి

ఆరోగ్య శాఖాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: పాత మేడ ఆరోగ్య కేంద్రం గోడలోని ఇత్తడి గొట్టమును సోమవారం సిమెంటుతో మూయించుట నిలుపుదల చేయుట గురించి.

నేను సదరు కేంద్రం ఎదుట బోర్డులు రాసే కొట్టు నడుపువాడను. "నిశ్శబ్దం పాటించండి" అని తమ గోడ మీద ఉన్నది నా చేతిరాతే.

1. ఆ మేడ కట్టించిన పెద్దమనిషి పై హాల్లో కూర్చుని కింద వంటగదికి కేకేయడానికి సదరు గొట్టం పెట్టించుకున్నారు. ఇప్పుడు పై హాలు రోగులు కూర్చునే చోటు. వంటగది కట్లు కట్టే గది. అందులో పదిహేడేళ్లు ఆయాగా చేసినది నా భార్య.

2. గోడ మాట్లాడుతోందని రోగులు భయపడుట వాస్తవమే. మాట్లాడించింది నేనే. లేని నడుంనొప్పికి చీటీ రాయించుకుని, గొట్టం దగ్గర చేరి, "నేను ఈ మేడ యజమానిని, పోయి అరవయ్యేళ్లయింది, కాఫీ ఏదీ" అనేవాడిని. కింద నుంచి ఆమె, "పోయినోళ్లకి ఇక్కడ వైద్యం లేదు. లేచి కొట్టుకి పో" అనేది. ఆ తిట్టు పడనిదే నాకు పొద్దు గడిచేది కాదు.

3. కిందటి నెల నాలుగో తేదీ పగలు పదకొండింటికి యథాప్రకారం పిలిచాను. జవాబు లేదు. ఇన్నాళ్లకి నాకే టోపీ పెడుతోంది, ఎంతసేపు బిగబట్టుకుని ఉంటుందో చూద్దామని పావుగంట నవ్వుకుంటూ కూర్చున్నాను. పక్కనే డాక్టరమ్మ గది. కిందికి పద్నాలుగు మెట్లు. దిగి చూసేసరికి గిన్నెలు కడిగే తొట్టి దగ్గర పడి ఉంది. "కాస్త ముందు పిలవాల్సింది బాబాయ్" అన్నది డాక్టరమ్మ. మెల్లగానే అన్నది.

4. ఇందులో గొట్టం తప్పు లేదు. జవాబు లేదని అది చెప్పనే చెప్పింది. నా బుర్రకే ఎక్కలేదు.

కొత్త ఆయా కూడా ఆ గదిలో ఒంటరిగానే చేస్తోంది. కావున గొట్టం మూయించక, పైవారు గంటకోసారి కిందికి పిలిచేట్టు ఉత్తర్వు ఇప్పించ ప్రార్థన. జవాబు రాకపోతే వెంటనే మెట్లు దిగవలెను. నవ్వుతూ కూర్చోరాదు. ఈ ముక్క బోర్డు మీద రాసి గొట్టం పక్కన బిగించి ఇస్తాను, రంగు నాదే.

నా మీద కోపం నా మీదే ఉంచి, మనవిని మాత్రం చిత్తగించవలెను.

తమ విధేయుడు,
ఎదురు కొట్టు బోర్డుల పెయింటర్

తా.క.: నిన్న ఆగలేక గొట్టంలో "ఉన్నావా" అన్నాను. కొత్త ఆయా "ఎవడ్రా అది, పనీపాటా లేదా" అన్న కేక మేడంతా వినిపించింది. అప్పటికే నేను తొమ్మిదో మెట్టు మీదున్నాను. అక్కడే కూలబడ్డాను. ఆమెను ఏమీ అనవద్దు.