కాటారం డ్యూటీ

భూపాలపల్లి

ప్రియమైన మమతక్కా,

ఫోనులో చెబితే ఏడుపొస్తుందని ఉత్తరం రాసి, జనగామ బస్సు నడిపే గట్టయ్యన్న చేతికిస్తున్నాను. మా డిపోలో డ్యూటీలు వేసే చంద్రమౌళి సారు నాకెప్పుడూ కాళేశ్వరం చివరి ట్రిప్పే వేస్తాడు. ఇల్లు చేరేసరికి నా బిడ్డ పక్కింట్లోనే నిద్రపోయి ఉంటుంది. చీకటి పడకముందే తిరిగొచ్చే కాటారం బస్సు మాత్రం నా తోటి కండక్టర్ రిషితకే. ఆయనదీ ఆమెదీ ఒకే ఊరు, బచ్చన్నపేట కదా! నేనడిగితే "చూద్దాం తియ్యమ్మా" అంటాడు, తలైనా ఎత్తడు. బస్సు కష్టం కాదక్కా, ఆ మాటే కష్టం. ఆయన సీట్లోకి నువ్వు బదిలీ మీద వస్తున్నావని విన్నాక ప్రాణం లేచొచ్చింది.

నీ జమున

జనగామ

ప్రియమైన జమునా,

సోమవారం చేరుతున్నా. కండక్టర్లుగా ఒకే రోజు ఉద్యోగంలో చేరినవాళ్ళం, నీ సంగతి నాకు తెలియదా? పైరవీలు మాత్రం చెయ్యకు, తిడతా. మధ్యాహ్నం డబ్బాలు కలిసి విప్పుదాం. నీ చేతి జొన్నరొట్టె తిని ఎన్నాళ్ళయింది!

మమత

భూపాలపల్లి

అక్కా,

పక్క గదిలో ఉన్నదానికి ఉత్తరమేంటని నవ్వకు. నువ్వొచ్చిన రోజే నాకు కాటారం పడింది. సంబరంతో అందరి ముందూ నీకు దండం పెట్టి, రొట్టెలు పెట్టాను. బిడ్డ ఇప్పుడు నా పక్కనే పడుకుంటోంది. కానీ రోజూ మాతో తినే రిషిత డబ్బా తీసుకుని అవతలి బెంచీకి పోయింది. ఇంకో కండక్టర్ సమ్మక్కయితే మొహం మీదే అనేసింది: "గప్పుడు ఒక్క ఊరోళ్ళని రిషితను ఆడిపోసుకుంటివి. గిప్పుడు దోస్తని నీకేసిరి. గిదేం న్యాయమే?"

రిషితకు వేస్తే అన్యాయం, నాకు వేస్తే స్నేహం అనుకున్నానక్కా. సిగ్గుగా ఉంది. వంతులు పెట్టు. ముందు కాళేశ్వరం నాకే వెయ్యి.

జమున

జమునా,

నీకు కాటారం వేసింది నేను కాదే పిచ్చిదానా. చంద్రమౌళి సారు పోతూ పోతూ వేసిన డ్యూటీ అది. నీకు వెయ్యమని అడిగింది రిషిత. వాళ్ళ నాయిన దవాఖానలో ఉన్నన్నాళ్ళకే ఆ బస్సు కావాలందట. నాయిన కోలుకోగానే "జమునక్కకు చిన్న పిల్ల ఉంది సార్, ఆమెకియ్యుండ్రి" అన్నదట. నిన్న ఫోన్లో ఆ సారు చెబితేనే నాకూ తెలిసింది. ఆయన నీకు అప్పుడే ఒక్క మాట చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు.

అందుకే రేపు అందరినీ కూర్చోబెట్టి, ఎవరికి ఏ బస్సు ఎందుకో చెప్పి మరీ వేస్తా. వంతులు పెడతా. అడిగావు గనుక కాళేశ్వరం ముందు నీకే.

నువ్వు దండం పెట్టింది నాకు. రిషిత పక్కనే నిలబడి చూసింది. మధ్యాహ్నం నా గదికి రాకు. రొట్టెలు ఆ బెంచీ దగ్గరికి పట్టుకుపో. నేనూ అక్కడికే వస్తా.

మీ ఇద్దరి అక్క,
మమత