"రాలేదు" అని రాసిన గడి

మూడేళ్ళుగా నేను పలకరించని అక్కకు,

అమ్మ విషయంలో నీ మీద కోపం అలాగే ఉంది. అయినా ఇది చెప్పుకోవడానికి నువ్వు తప్ప నాకెవరున్నారు?

ఇవాళ ఆఫీసులో ఒక రిపోర్టు మీద సంతకం పెట్టనన్నాను. క్యాన్సర్ మందు పరీక్షల లెక్కలు చూడటం నా పని కదా. నెలనెలా రోగుల రక్తం తీసి, జబ్బు ఎంత ముదిరిందో చెప్పే అంకె రాస్తారు. మా రిపోర్టులో ఆ అంకె సగటు తగ్గుతూ వచ్చింది. మందు బ్రహ్మాండంగా పనిచేస్తోందని పెద్దసారు మురిసిపోయారు. పదో నెలలో రక్తం ఇచ్చినవాళ్ళెవరు? నడిచి రాగలిగినవాళ్ళు! మంచం దిగలేనివాళ్ళ గడిలో "రాలేదు" అని రాసి, సగటులోంచి తీసేశారు. ఇక అది తగ్గక ఏం చేస్తుంది?

"అందరూ చేసేదే అమ్మా, నీకొక్కదానికే ఎందుకీ పేచీ?" అన్నారు సారు. సోమవారంలోగా సంతకం పెట్టకపోతే వేరే ఉద్యోగం చూసుకోమన్నారు. చూసుకుంటాను. పెట్టను గాక పెట్టను. ఒక్కో మనిషి అంకెలనూ, బతికిన రోజులనూ ఒకే లెక్కలో ముడివేసి చూపిస్తాను.

నీ మొండిఘటం

అక్కా,

లెక్క తేలింది. అంకె వేగంగా పెరిగినవాళ్ళే ముందు రావడం మానేశారు, ముందు పోయారు. మందు ఆయుష్షు పెంచిన జాడే లేదు. సారు నన్ను సెలవు మీద ఇంటికి పంపారు. పరీక్షల మీద నిఘా ఉంచే కమిటీకి ఒక కాపీ ఇచ్చే బయటికొచ్చాను. ఉద్యోగం ఊడితే ఊడనీ.

ఇంటికొచ్చి అమ్మ ఆస్పత్రి ఫైలు తీశాను. అదే క్యాన్సర్, అదే రక్తపరీక్ష, ఆరుసార్లు. ఏడో గడిలో "రాలేదు". నీ బిడ్డకు జ్వరమొచ్చి అమ్మను తీసుకెళ్ళలేదన్నావు. నువ్వే అమ్మను చంపావని అందరి ముందూ నీ మొహాన అన్నాను.

నాలుగో పరీక్ష నుంచి అమ్మ అంకె ప్రతిసారీ రెట్టింపయింది అక్కా. ఒక్క మనిషి గురించి ఏ లెక్కా ఖాయంగా చెప్పలేదు. కానీ అంకె అలా పెరిగినవాళ్ళెవరూ మా పరీక్షల్లో మంచం దిగలేదు. జ్వరం అబద్ధం కదూ? తాను లేవలేకపోతున్నట్టు నాకు చెప్పొద్దని అమ్మ నీ దగ్గర ఒట్టు వేయించుకుంది కదూ? అమ్మ ఆస్పత్రికి వెళ్ళకపోవడం వల్ల పోలేదు. పోయే స్థితి వచ్చింది కాబట్టే వెళ్ళలేకపోయింది.

ఎందుకు రాలేదని సారు అడగలేదు. నేనూ ఆ జ్వరం మాట దాటి నిన్నేమీ అడగలేదు. నాది తప్పు. ఆదివారం వస్తున్నాను. తలుపు తీయకపోతే గడప మీదే కూర్చుంటాను, లేవను. నా సంగతి నీకు తెలుసు.

నీ చెల్లి