నిలువుగా వెలిగిన మానిటర్

అన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఇప్పుడు చీరల డిజైన్లు నేనే గీస్తున్నాను. నీ పాత మానిటర్ పాడైంది; నీ ల్యాప్‌టాప్ తెర చాలక, ధర్మవరం బజారులో కొత్త మానిటర్ కొన్నాను.

కేబుల్ పెట్టగానే వెలిగింది గానీ, బొమ్మ పక్కకు పడుకుని కనిపించింది. కొంగు మొత్తం ఒకేసారి కనబడాలని నువ్వు నీ మానిటర్‌ను నిలువుగా తిప్పి, సెట్టింగ్ అలాగే పెట్టుకునేవాడివి. కానీ ఆ సెట్టింగులన్నీ తుడిచేసి, నిన్ననే ల్యాప్‌టాప్‌లో లైనక్స్ అనే సిస్టమ్ కొత్తగా ఎక్కించాను. అయినా బొమ్మ నువ్వు పెట్టుకున్నట్టే వచ్చింది.

అమ్మ తొంగి చూసి, "అన్న ఉన్నప్పుడూ ఇట్లే ఉండె గదా" అంది.

సెట్టింగ్ మార్చడానికి నాకు మనసు రాలేదు. మానిటర్‌నే నిలువుగా తిప్పాను. బొమ్మ సరిగ్గా నిలబడింది.

అమ్మ నీ కుర్చీ తెచ్చి నా పక్కన వేసింది, తను మాత్రం అందులో కూర్చోలేదు.

"నువ్వు కొంచెం జరుగు పాపా" అంది.

జరిగి కూర్చున్నాను.

నీ చెల్లెలు