యాకమ్మ దావా వాపసు

మంగళవారం

నా క్లయింటు యాకమ్మకు ఆమె మరిదితో పొలం గట్టు తగాదా. ఆ పొలం నర్సంపేట దగ్గర ఉంది. భూమి ఎక్కడుంటే దావా అక్కడి కోర్టులోనే వేయాలి. లాయరుగా అది నాకు తెలుసు. అయినా అంత దూరం తిరగడానికి బద్ధకించి, ఎవరు పట్టించుకుంటారులే అని వరంగల్‌లో వేశాను. మరిది తరఫు లాయరు ఆ తప్పు పట్టుకున్నాడు. తమ పరిధి కాదని జడ్జిగారు ఈరోజు కాగితాలు తిరిగిచ్చారు. ఈలోగా ఆ మరిది గట్టు చెరిపేసి ఆమె భూమిలో పత్తి పెట్టాడు.

కోర్టు మెట్ల దగ్గర యాకమ్మ అడిగింది. "ఏమైంది సారూ?"

"ఇక్కడ చెల్లదంటమ్మా. మళ్లా నర్సంపేటల వెయ్యాలె."

"ఆ జడ్జి సారుకు మన ఊరు ఎర్క లేకపాయె. మీరేం జేస్తరు? ఫికర్ చెయ్యకుండ్రి."

తప్పు నాదని చెప్పాల్సింది. తలూపి, ఆమెను బస్సెక్కించి వచ్చాను.