మన ఊరి మీదుగా పడవ

గోపాల్‌పేట, 2006

కుల్సుమ్‌బీ,

మీ కొడుకు హమ్జా కొన్న మోటారు పడవలో మన పాత దోస్తులందరినీ సోమశిల నుంచి కృష్ణ మీద తిప్పుతాడని కబురు పంపావు. అప్పటి నుంచి నాకు నిద్ర లేదు. గాలి లేస్తే? మోటారు ఆగితే? వెనుకట ఏరు దాటే పుట్టి ఎక్కితేనే ఏడ్చేదాన్ని. "జర కండ్లు మూసుకోవే, ఒడ్డు అదే వస్తది" అని నువ్వు నవ్వేదానివి.

అయినా వస్తాను. డ్యాం నీళ్లలో మునిగిన మన ఊరి మీదికి రాగానే హమ్జాను మోటారు బంద్ చేయమను. అందరం చెప్పులు విప్పుదాం. కింద మా ఈదమ్మ గుడి ఉంది, మీ దర్గా ఉంది. చెప్పులతో ఎట్ల పోతాం?

మన రెండిండ్ల నడిమి గోడ మీదికి వచ్చినప్పుడు చెప్పు. అక్కడ కాసేపు మాట్లాడుకుందాం.

నీ పక్కింటిది