అన్నదమ్ములకు ఒకే పట్టుబట్ట

అంబూసిత్ర, ఆగస్టు

వులాతియానాకు నానమ్మ దీవెనలు.

మన కుటుంబ సమాధిలోని పెద్దలను బయటికి తీసి కొత్త పట్టుబట్టలు చుట్టే పండుగకు నువ్వు రాలేదు కనుక రాస్తున్నాను. పాత బట్టల మీద పేర్లు చెరిగిపోయాయి. మీ తాతయ్య ఎవరో, పొలం గట్టు తగాదాతో ఆయనతో మాటలు మానేసిన తమ్ముడు రజావెలు ఎవరో తెలియలేదు. పొరపాటు పడితే రేపు నేను పోయాక మరిది పక్కన పడుకోవాలి.

"మీ ఆయన్ని మీరే గుర్తుపట్టాలి అత్తయ్యా," అని మీ అమ్మ నవ్వింది.

"ఎముకలకు మీసాలుంటాయా? ఇద్దర్నీ ఒకే బట్టలో చుట్టండి. తగాదా ఉంటే లోపలే తేల్చుకుంటారు," అన్నాను.

ఆ మూటను భుజాలకెత్తుకుని అందరం సమాధి చుట్టూ చిందులేశాం. మనసు కుదుటపడింది.

నా వంతు వచ్చినప్పుడు నన్ను ఆ మూట పక్కనే ఉంచండి, ఏ వైపైనా సరే. నా బట్ట మీద పేరు మాత్రం చెరగని సిరాతో నువ్వే రాయాలి. ఈలోగా చేతిరాత బాగుచేసుకో.

మీ నానమ్మ